ఉమ్మడి దస్తావేజు

సున్నపు గీత అండాలమ్మ పొయ్యి మీదుగా పోయింది. నేను కళ్ళారా చూశాను.

2011 ఆగస్టు. పొద్దున ఎనిమిది గంటలు. ఎల్బీనగర్ చౌరస్తా దాటి నాదర్‌గుల్ పోయే తోవలో ఉంటుంది మా హమాలీ బస్తీ. మగవాళ్ళు అప్పటికే కొత్తపేట పండ్ల మార్కెట్లో లారీల దగ్గర ఉన్నారు. ఆడవాళ్ళలో సగం మంది బత్తాయిలు ఏరే పనికి పోయారు. ఎవరూ ఉండని వేళ చూసుకుని కొలతలవాళ్ళు వచ్చారు. ముగ్గురు మనుషులు, ఒక టేపు, ఒక సున్నం బకెట్టు. మురికినీళ్ళ నాలా ఒడ్డున మొదలుపెట్టి బస్తీ నడుమ నుంచి తిన్నగా గీత పోసుకుంటూ వచ్చారు. అడ్డమొచ్చిన గోడలకు ఎర్రరంగు పూశారు. అండాలమ్మ ఇంటికి వెనక గోడ లేదు, గోనెపట్టా పరదా ఉంది. దాన్ని ఎత్తి లోపలికి జొరబడి, పొయ్యి మీదుగా సున్నం చల్లి, ముందు వాకిట్లోంచి బయటికి పోయారు.

పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది.

"అయ్యా, అన్నంల సున్నం పడ్డది" అన్నది అండాలమ్మ.

అరవై దాటిన మనిషి. పదేళ్ళ కింద ఆమె భర్త మార్కెట్లోనే లారీ మీది నుంచి పడి చనిపోయాడు. అప్పటి నుంచి బత్తాయిలు ఏరుతూ ఒంటరిగా బతుకుతోంది. ఆ రోజు జ్వరమని ఇంట్లో ఉండిపోయింది.

టేపు పట్టుకున్నవాడు వెనక్కి కూడా చూడలేదు. "నీ ఇల్లు రోడ్డుల ఉన్నదమ్మా. కాగితంల గిది అరవై ఫీట్ల రోడ్డు" అని నడిచిపోయాడు.

అండాలమ్మ గిన్నె దింపి, పైపైన అన్నం తీసి పారేసి, అడుగుది తిందామా వద్దా అని చూస్తూ కూర్చుంది. నేను పక్కింటి అంతయ్య కూతుర్ని, విజయశ్రీని. దిల్‌సుఖ్‌నగర్లో సాయంత్రం కాలేజీలో డిగ్రీ చదువుతూ, పగలు రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్కన ఒక దస్తావేజు లేఖరి దగ్గర టైపు చేసేదాన్ని. రోజుకు పది మంది భూములకు హద్దులు టైపు చేసే నాకు, నా ఇంటి పక్క హద్దు మారుతుంటే ఏం అడగాలో తెలియలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

మా భూమి సంగతి ముందు చెప్పాలి. నీళ్ళు లేని నల్లగొండ ఊళ్ళ నుంచి వచ్చి మార్కెట్లో మూటలు మోసిన నలభై రెండు కుటుంబాలు కలిసి 1988లో, ఎకరానికి నలభై గుంటల లెక్కన, రెండెకరాల పది గుంటలు కొన్నాయి. ఒక్కొక్కరు విడిగా రాయించుకునే తాహతు ఎవరికీ లేదు. నలభై రెండు పేర్లతో ఒకే దస్తావేజు రాయించారు. ఎవరి ముక్క ఎక్కడో అందులో లేదు. ఎవరికి వీలైనచోట వాళ్ళు గుడిసె వేసుకున్నారు, తర్వాత రేకులు, ఆ తర్వాత ఇటుకలు. కరెంటు కోసం, నల్లా కోసం ఏ ఆఫీసుకు పోయినా నలభై రెండు మందీ రావాలనేవాళ్ళు. అందరూ పోతే ఆ రోజు మార్కెట్ పని పోయినట్టే. అందుకని అందరి తరఫున సంతకం పెట్టే అధికారం మేస్త్రి గోపయ్యకు ఇస్తూ ఇంకో కాగితం రాయించారు. గోపయ్యకు చదువు రాదు. కానీ ఆయన మాట మీద నలభై ఒక్క కుటుంబాలకు నమ్మకం. ఏ మూట ఎవరు మోయాలో, పడిపోయినవాడి ఇంటికి ఎవరు బియ్యం పంపాలో ఆయనే చెప్పేవాడు. మాకందరికీ పెద్దనాయిన.

విడివిడి పట్టాలు కావాలని మేమే ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్నాం. బ్యాంకువాడు, మునిసిపాలిటీవాడు, అందరిదీ ఒకటే మాట: "ఉమ్మడి కాగితం చెల్లదు, నీ ముక్క కాగితం తే." ఆ ఆకలి కనిపెట్టి వచ్చినవాడే భిక్షపతి. ఒకప్పుడు బడంగ్‌పేట్ వైపు చిన్న కంట్రాక్టులు చేసినవాడు, ఇప్పుడు వెంచర్లు వేస్తున్నాడు. గోపయ్య కొడుకు మధు అతని ఆఫీసులోనే పని. "నేనే విడగొట్టిస్త. మీ చేతిల నుంచి ఒక్క పైస వద్దు" అన్నాడట భిక్షపతి. గోపయ్య వేలిముద్ర వేశాడు. ఆ కాగితం చూసుకునే భిక్షపతి మనుషులు సున్నం బకెట్టుతో దిగారు.

గీత పోసిన సాయంత్రమే మధు దగ్గర గోపయ్య ముద్ర వేసిన కాగితానికి, ప్లాట్ల నక్షాకు నకలు అడిగి తీసుకున్నాను. అతను సంతోషంగానే ఇచ్చాడు. "సూస్కో విజయా, మనందరికి ప్లాట్లు వస్తున్నయ్" అన్నాడు. మర్నాడు దాన్ని మా దస్తావేజు లేఖరి ఇంద్రాణి గారి ముందు పెట్టాను. ఆమెది రేపల్లె వైపు. భర్త ఉద్యోగం కోసం వచ్చి, ఆయన పోయాక ఆఫీసు పక్క బల్ల దగ్గరే ఇరవై ఏళ్ళుగా రాస్తోంది. కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివింది.

"ఇదేంటమ్మా! రోడ్డు వైపు ఎకరం ఇరవై తొమ్మిది గుంటలు డెవలపర్ వాటా అట. మీ నలభై రెండు మందికీ కలిపి మిగిలింది ఇరవై ఒక్క గుంట. మనిషికి అరవై గజాలు. అవీ నాలా గట్టు మీద. వానొస్తే మునిగేచోటు. అక్కడ ఇంటికి అనుమతి కూడా ఇవ్వరు."

"మధన్న ప్లాట్లు వస్తాయన్నాడు మేడమ్."

"వస్తాయి. నీళ్ళల్లో." ఆమె కాగితం మడిచింది. "విడగొట్టడమంటే పంచడం కాదు విజయా. ఎలా విడగొట్టాడన్నది దస్తావేజు చివర హద్దులు రాసే షెడ్యూల్లో ఉంటుంది. అది ఎవరూ చదవరు. ఇది ఇంకా రిజిస్టర్ కాలేదు. గోపయ్య గారు ఆఫీసుకొచ్చి ఒక్క వేలిముద్ర వేస్తే అయిపోతుంది. మీ అందరూ వేసినట్టే లెక్క."

ఆదివారం బస్తీ అంతా గోపయ్య రేకుల షెడ్డు ముందు కూడింది. నేను నక్షాను నేల మీద బొగ్గుతో పెద్దగా గీసి చూపించాను. ఎవరి ఇల్లు ఎక్కడుందో, కాగితంలో ఎక్కడికి పోతుందో ఒక్కొక్కరికీ చూపిస్తుంటే ముందు నవ్వారు, తర్వాత ఒంగి గీతల్లో తమ ముక్క వెతుక్కున్నారు. మా నాయిన అంతయ్య తన అరవై గజాలు నాలా వంపులో చూసుకుని లేచి నిలబడ్డాడు.

"గోపన్నా! గిది నీకు ఎరుకేనా?"

గోపయ్య మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళు మూటలు మోసి ఆ మోకాళ్ళు వంగడం మానేశాయి. ఊపిరి కూడా ఆడేది కాదు సరిగా.

"అందరికి ఇడి కాగితం అన్నరు. అందుకే ఏసిన" అన్నాడు.

"సదివిచ్చుకోవద్దా?"

"కొడుకు సదివిండు. నేను ఇన్న." ఆయన కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "మీరు నా చేతిల మీ చేతులు వెట్టిన్రు. నేను కండ్లు మూసుకొని ముద్దర ఏసిన. నన్ను ఏమన్న అనుండ్రి. పడత."

అంతలో భిక్షపతి వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో ఉద్యమ కండువా. వెనక మధు. చౌరస్తాలో దీక్షా శిబిరానికి టెంట్లు వేయించింది అతనే, అన్నం పొట్లాలు పంపేది అతనే. మా యువకుల్లో సగం మందికి అతను అన్న.

"ఎవలు జెప్పిన్రు మీకు గీ నక్ష సంగతి? గా ఆంధ్రామెనా?" అన్నాడు నన్ను చూసి. "వాళ్ళే గదా మన భూములన్ని మింగింది. ఇప్పుడు తెలంగాణ బిడ్డ మీకు పట్టాలు ఇప్పిస్తనంటే ఓర్వక పుల్ల వెడుతున్నరు. మన రాష్ట్రం మనకొస్తున్న యాళ్ళ గిట్ల మనల మనమే అనుమానించుకుంటమా?"

కొందరు తలలూపారు. నేనూ ఆ శిబిరంలో కూర్చున్నదాన్నే, ఆ నినాదాలు ఇచ్చినదాన్నే.

అండాలమ్మ లేచింది. జ్వరం ఇంకా తగ్గలేదు, కొంగు తలకు కట్టుకుంది.

"తెలంగాణ రావాలె. నేను గూడ బతుకమ్మ ఎత్తుకొని రోడ్డు మీద కూసున్న. గాని నా పొయ్యి మీద గీత గీసినోడు ఏ ఊరోడైతే నాకేంది?"

"రోడ్డు పడితె నీకే మంచిదమ్మా..."

"నాకు నా పేరు మీద కాగితం గావాలె. పెనిమిటి పోయినంక దవాఖానకు పోయినా, రేషన్ ఆఫీసుకు పోయినా ఇల్లు ఎవలిదని అడుగుతున్నరు. సచ్చేలోపట ఒక్క కాగితం మీద నా పేరు సూసుకోవాలె. గాని గీ కాగితం గాదు. గిది నన్ను ఇంట్లకెల్లి ఎల్లగొట్టే కాగితం."

మధు ఓపిక పట్టలేకపోయాడు. "మరి ఏం జేస్తరు? ఇరవై ఏండ్ల సంది గా ఉమ్మడి కాగితం పట్టుకొని ఏం బాగుపడ్డం? నాకు ముప్పై ఐదేండ్లు. ఒక లోను పుట్టదు, ఒక రూము కట్టుకోలేను. అరవై గజాలైనా నాదంటూ ఉండద్దా?"

అతను అబద్ధం చెప్పడం లేదు. అక్కడున్న ప్రతివాళ్ళ మనసులో ఉన్న మాట అది. భిక్షపతి లాంటివాళ్ళు మన బలహీనత మీద కాదు, మన న్యాయమైన కోరిక మీద ఎక్కి వస్తారు. ఇది చదివే కార్మికులు, విద్యార్థులు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి.

జవాబు మా నాయిన చెప్పాడు. "ఇడగొట్టుకుందం. మనమే కొలుసుకుందం. మన భూమిని మనం పంచుకోనికి వీడెవడు నడుమ?"

భిక్షపతి నవ్వి వెళ్ళిపోయాడు. మధు అతని వెనకే పోయాడు. గోపయ్య కొడుకు పోయిన వైపు చూసి, "నేను ఆఫీసుకు పోను. నన్ను కోసినా పోను" అన్నాడు.

కొలవడానికి ఐదు రోజులు పట్టింది. మార్కెట్ పని అయ్యాక మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి చీకటి పడేదాకా. లారీ మోకుకు గజానికొక ముడి వేశారు. ఇంద్రాణి గారు చెమటలు కక్కుతూ మా వెంట తిరిగి రాసుకుంది. మొదటి రెండు రోజులు కొట్లాటే. ఒకడి స్నానాల గది పక్కవాడి ముక్కలోకి వచ్చింది. ఒకామె జామచెట్టు దారిలో పడింది. "మా అత్త నాటిన చెట్టు, నేనియ్య" అని దాన్ని పట్టుకుని కూర్చుంది. అందరికీ సమానంగా రావాలంటే మా నాయిన ఇంటి గోడ మూడడుగులు వెనక్కి పోవాలి. ఆ గోడ ఆయన సొంతంగా పెట్టుకున్నది. ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున లేచి గడ్డపార తీసుకుని తనే గోడ పడగొట్టాడు. దాని తర్వాత కొట్లాటలు తగ్గాయి. జామచెట్టామె తనే చెట్టు కొమ్మలు నరికి దారి ఇచ్చింది, నరుకుతూ ఏడ్చింది.

గోపయ్య ఆ ఐదు రోజులూ మోకు కొస పట్టుకుని నిలబడ్డాడు. కూర్చో పెద్దనాయినా అంటే వినలేదు. ఒక్కొక్కరి ముక్కకు నాలుగు మూలలా రాయి పాతుతుంటే ఆ ఇంటివాళ్ళ పేరు గట్టిగా పిలిచేవాడు. అండాలమ్మ పేరు పిలిచినప్పుడు ఆమె వచ్చి రాయి మీద చెయ్యి వేసి, "గిది ఎన్ని గజాలు?" అని అడిగింది. దారులు పోగా నూట ఎనభై అని చెప్పాను. "నూట ఎనభై" అని రెండుసార్లు అనుకుంది.

ఇంద్రాణి గారు నలభై రెండు ముక్కల షెడ్యూలు రాసింది. రాసినందుకు భిక్షపతి మనుషులు ఆమె బల్ల విరగ్గొట్టారు. ఆమె విరిగిన బల్లను ఇటుకల మీద నిలబెట్టి మళ్ళీ రాసింది. నలభై రెండు మందీ ఒకేసారి పోయి, గోపయ్యకిచ్చిన అధికారాన్ని రద్దు చేసి, మా పంపకాన్ని మేమే రిజిస్టర్ చేయించుకోవాలని అనుకున్నాం. మాకు దొరికిన తారీఖు సెప్టెంబరు పద్నాలుగు.

పదమూడు నుంచి సకల జనుల సమ్మె.

బస్సులు ఆగాయి. బడులు మూతపడ్డాయి. ఆఫీసుకు తాళం పడింది, ఉద్యోగులు బయట టెంటులో కూర్చున్నారు. మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. భిక్షపతి తన కాగితం రిజిస్టర్ చేయించలేడు, మేమూ మాది చేయించలేం. "సమ్మె మనది. మన పని కోసం తాళం తియ్యమని ఎట్లడుగుతం?" అన్నాడు మా నాయిన. హమాలీలు కూడా మూటలు దించడం ఆపి రోడ్డు మీద వంటావార్పులో కూర్చున్నారు. అదే టెంటులో ఒక పక్క భిక్షపతి, ఒక పక్క మేము. అతను అన్నం పొట్లాలు పంచుతూ వచ్చి అండాలమ్మ ముందు ఆగితే, ఆమె మొహం పక్కకు తిప్పుకుని నినాదం అందుకుంది.

ఆ నెలన్నరలో గోపయ్యకు ఆయాసం ముదిరింది. పండుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. చూడ్డానికి పోయినవాళ్ళనల్లా అడిగేది ఒకటే: "ఆఫీసు తెరిసిన్రా?"

సమ్మె ముగిసింది. మాకు శుక్రవారానికి తారీఖు ఇచ్చారు. అక్టోబరు ఇరవై ఎనిమిది. గోపయ్యను కుర్చీలో మోసుకుపోదామని నలుగురు హమాలీలు ముందే సిద్ధమయ్యారు.

గురువారం, దీపావళి మర్నాడు, పొద్దున ఏడింటికి మధు కారు తెచ్చాడు. తండ్రికి ఊపిరి అందడం లేదు, నిజంగానే. "దవాఖానకు తీస్కపోతున్న" అన్నాడు. ఎవరు కాదంటారు? కొడుకు కదా. అండాలమ్మ కారెక్కబోతే జాగా లేదన్నాడు. ఆమె, నేను ఆటో పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్లో ఆ ప్రైవేటు దవాఖానకు పోయేసరికి ఆయన్ని లోపలికి తీసుకుపోయారు. మమ్మల్ని మెట్ల దగ్గరే ఆపారు. తొమ్మిది, పది, పదకొండు. పదకొండు దాటాక భిక్షపతి కారు వచ్చింది. అందులోంచి చేతిసంచీతో ఒక మనిషి దిగి పైకి పోయాడు. అతన్ని ఎక్కడో చూసినట్టే ఉంది, పోల్చుకోలేకపోయాను. ఒంటి గంటకు మధు కిందికి వచ్చాడు. మా వైపు చూడలేదు.

"నాయిన పోయిండు" అన్నాడు.

మంచం పట్టినవాళ్ళ దగ్గరికి రిజిస్ట్రేషన్ ఆఫీసు మనిషే వచ్చి వేలిముద్ర తీసుకునే పద్ధతి ఒకటుంది. ముసలివాళ్ళ కోసం పెట్టిన పద్ధతి. అలాంటి అర్జీలు నేనే ఎన్నో టైపు చేశాను. అయినా ఆ సంచీ చూసినప్పుడు నాకు తట్టలేదు.

శవానికి స్నానం చేయిస్తూ మా నాయిన చూశాడు. ఎడమచేతి బొటనవేలు నీలంగా ఉంది. సబ్బు పెట్టి రుద్దాడు. పోలేదు. మళ్ళీ రుద్దాడు.

"మధూ, గిదేందిరా?"

మధు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అండాలమ్మ అతని దగ్గరికి పోయింది. కొడుతుందేమో అనుకున్నాం. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"చెప్పు బిడ్డా. ఎప్పుడు ఏసిండు?"

"నాయిన ఎయ్యలే అత్తా." అతను నేల మీద కూలబడ్డాడు. "పదింటికే పోయిండు. భిక్షపతన్న ఎవలికి చెప్పొద్దన్నడు. ఆఫీసాయన పదకొండున్నరకు ఒచ్చిండు. చెయ్యి నువ్వే పట్టుకో అన్నడు భిక్షపతన్న. పట్టుకున్న. నాయిన చెయ్యి సల్లగ ఉండె అత్తా... నాయిన చెయ్యి సల్లగ ఉండె..."

ఆ తర్వాత అతను ఏమన్నాడో ఎవరికీ అర్థం కాలేదు.

ఇంద్రాణి గారు నెమ్మదిగా చెప్పింది. "మీరు ఆయనకిచ్చిన అధికారం ఆయన ప్రాణంతోనే పోయింది. పది తర్వాత ఆ చేతికి ఏ హక్కూ లేదు. కానీ దవాఖాన వాళ్ళు పన్నెండింటికి పోయాడని రాసిచ్చారు. కాగితాలన్నీ వాళ్ళ వైపే ఉన్నాయి. నిజం తెలిసినవాడు ఇతనొక్కడే."

"సాయంత్రం వరకు రిజిస్టర్ నంబరు ఏసి ఖతం చేస్తరు" అన్నాడు మా నాయిన.

"పోదం" అన్నది అండాలమ్మ. "గోపన్నను ఎత్తుకొని ఆఫీసు కాడికి పోదం."

మా నాయిన తటపటాయించాడు. "పీనుగను రోడ్డు మీద వెట్టుకొని కొట్లాడుడు మర్యాదనా వదినా? ముందు సాగనంపుదం. మనిషి బతికున్నప్పుడే సుఖపడలే."

"బతికున్నన్ని దినాలు గా చెయ్యి మన మూటలు మోసింది. సచ్చినంక దానితోని దొంగపని చేయించిన్రు. గా మచ్చతోనే కాలవెడతవా?"

మధు లేచి పాడె ముందు కొమ్ము ఎత్తుకున్నాడు.

మూడు కిలోమీటర్లు. నలభై ఏళ్ళు మూటలు మోసిన భుజాలు గోపయ్యను మోశాయి. డప్పు లేదు. చౌరస్తా దగ్గర మార్కెట్ హమాలీలు రెండు వందల మంది కలిశారు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళ నుంచి విద్యార్థులు వచ్చారు. భిక్షపతి మనిషి ఒకడు ఎదురొచ్చి, "గిది ఉద్యమాన్ని బద్నాం చేసుడు" అని అరిచాడు. నిన్నటి దాకా అతన్ని అన్నా అని పిలిచిన మా యువకుడే జవాబిచ్చాడు: "రేపు రాష్ట్రమొస్తే అండ్ల మా అత్త ఇల్లు ఉండద్దా?"

ఆఫీసు మెట్ల ముందు పాడె దించాం. లోపలివాళ్ళు షట్టరు వేసుకున్నారు. పోలీసులు రెండు బండ్లలో దిగారు. మధు మెట్లెక్కాడు. అతని మాట చివరివాళ్ళ దాకా వినిపించింది.

"మా నాయిన పదింటికి సచ్చిపోయిండు. పదకొండు నలభైకి ముద్దర ఏసిండని లోపట రాసుకున్నరు. సచ్చినోని ఏలు పట్టుకొని ఏయించింది నేనే. భిక్షపతి చెప్తే ఏయించిన. నన్ను జైల్ల వెయ్యుండ్రి. గా కాగితం మాత్రం చెల్లదు!"

అంత జనం ఒక్క గొంతుతో "చెల్లదు!" అన్నారు.

పోలీసు అధికారి శవాన్ని తీసేయమన్నాడు. దస్తావేజు ఆపినట్టు రాసిచ్చేదాకా తీసేది లేదన్నాం. అరగంట వాదన. లాఠీలు లేచాయి. ముందు వరసలో ఉన్న ఆడవాళ్ళు పాడె మీద పడుకున్నారు. అండాలమ్మ మోచేతి ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. మా నాయినకు తల పగిలింది. గోపయ్యను మా చేతుల్లోంచి గుంజుకుని బండిలో వేసుకుపోయారు. మధు బండి వెనక పరుగెత్తాడు. అతన్నీ పట్టుకుని ఇంకో బండిలో వేశారు. ఆ సాయంత్రమే ఏదో శ్మశానంలో పెద్దనాయిన్ని కాల్చేశారు. ఏ శ్మశానమో మాకు రెండు రోజుల దాకా తెలియలేదు. కొడుకు లేడు, బస్తీ లేదు, తల కొరివి ఎవరు పెట్టారో తెలియదు.

ఇరవై మూడు మందిని అరెస్టు చేశారు. అండాలమ్మను విరిగిన చేత్తోనే ఎక్కించారు. బండి ఎక్కుతూ నన్ను పిలిచింది. "విజయా, రేపు మన తారీఖు. మరువకు" అన్నది.

చీకటి పడే వేళ ఆఫీసు గోడకు ఒక కాగితం అంటించారు. ఆ దస్తావేజును నంబరు వేయకుండా విచారణలో పెట్టినట్టు. "నంబరు పడకపోతే అది దస్తావేజే కాదు" అన్నది ఇంద్రాణి గారు. అని, కళ్ళజోడు తీసి చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. మాకు సంబరం కలగలేదు. భిక్షపతిని ఎవరూ ముట్టుకోలేదు. అతను ఆ రాత్రి తన ఇంట్లోనే పడుకున్నాడు. మావాళ్ళు జైల్లో పడుకున్నారు.

శుక్రవారం పొద్దున మిగిలినవాళ్ళం తయారై ఆఫీసుకు పోయాం. అందరూ ఉతికిన బట్టలు కట్టుకున్నారు. మా నలభై రెండు ముక్కల షెడ్యూలు నా చేతిలో ఉంది. కిటికీలోంచి గుమాస్తా చూసి, "అందరూ ఉండాలె. సగం మందితోని కాదు" అన్నాడు.

"మిగతావాళ్ళు జైల్లో ఉన్నారు సార్."

"అయితే బయటికొచ్చినంక రాండ్రి."

మేము వెనక్కి పోలేదు. ఆఫీసు ముందు, ఇంద్రాణి గారి విరిగిన బల్ల చుట్టూ నేల మీద కూర్చున్నాం. మార్కెట్లో ఆ రోజు ఒక్క లారీ నుంచి ఒక్క పెట్టె దిగలేదని కబురొచ్చింది. విద్యార్థులు ఒక చాప, నీళ్ళ బిందె తెచ్చిపెట్టారు. ఎండ ఎక్కుతోంది. పెద్దనాయిన పోయిన దుఃఖం అప్పుడే, ఆ ఖాళీలో, అందరినీ ఒక్కసారి తాకింది. జామచెట్టామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

పదకొండింటికి ఒకామె వచ్చి మా ముందు నిలబడింది. నడివయసు మనిషి. కాళ్ళకు దుమ్ము, చంకలో ప్లాస్టిక్ కవరు. ఆమె వెనక ఇంకో ఆరుగురు.

"నిన్న పీనుగను తెచ్చింది మీరేనా?" అని అడిగింది.

"అవును."

"మేము బడంగ్‌పేట్ కాడికెల్లి ఒచ్చినం. రాళ్ళు కొట్టేటోళ్ళం. మాది గూడ ఉమ్మడి కాగితమే. పద్దెనిమిది ఇండ్లు. మాకూ ఒకడు ఇడగొట్టిస్తనని ముద్దర్లు తీస్కపోయిండు. మాకు సదువు రాదు." ఆమె కవరు విప్పలేదు, రెండు చేతులతో పట్టుకునే ఉంది. నమ్మాలా వద్దా అని నా మొహంలోకి చూస్తోంది. "నువ్వు సదువుతవా?"

ఆటో స్టాండు వైపు నుంచి ఇంకొంతమంది వస్తున్నారు. వాళ్ళ చేతుల్లోనూ కవర్లున్నాయి. హయత్‌నగర్ నుంచట.

నేను కళ్ళు తుడుచుకుని చాప మీద జరిగి జాగా ఇచ్చాను. ఆమె కూర్చుంది, ఆమె వాళ్ళంతా చుట్టూ కూర్చున్నారు. కవరులోంచి కాగితాలు తీసి నా ఒళ్ళో పెట్టింది.

"నాకొక్కదానికి గాదు, అందరికి ఇనవడేటట్టు గట్టిగ సదువు బిడ్డా" అన్నది.

నేను షెడ్యూలు పేజీ తీసి చదవడం మొదలుపెట్టాను.